బతికిన కాలేజీ

"నీకు మ్యూజియంలో ఉద్యోగం మాట్లాడేనే," అన్నాడు మా ఆయన.

నేను పెరట్లో పీట వేసుకుని బొచ్చెచేపకి పొలుసు తీస్తున్నాను. ఆ మాట నాకే చెప్పాడా, చెవిలో పెట్టుకున్న ఫోనులో ఎవరికైనా చెప్పాడా అని తలెత్తి చూశాను. నావైపే చూస్తున్నాడు. చేతిలో కాఫీ గ్లాసు, మొహంలో పండగ.

"ఏ మ్యూజియమండీ?"

"దిండి అవతల కొత్త రిసార్టుకి మనం కొబ్బరిబొండాలు వేస్తన్నాం కదా, అందులో పెడతన్నారు. పాతకాలం పెంకుటిల్లు, పాతకాలం సామాన్లు. ఈ చుట్టుపక్కల ఆడమనిషి ఎవరన్నా ఉంటే చెప్పండని మేనేజరు సురేంద్రగారు అడిగేరు. మా ఆవిడుందండి, మ్యూజియమంటే పడి చచ్చిపోద్దండీ అన్నాను."

పెళ్ళయి ఇన్నేళ్ళలో నా పిచ్చిని ఈ మనిషి వెక్కిరింపు లేకుండా తలుచుకోవడం అదే మొదటిసారి. చేప చేతిలోంచి జారి బూడిదలో పడింది. "ఆయ్, వెళ్తానండి," అన్నాను. ఏం పని అని కూడా అడగలేదు.

మా రాజోలు వైపు ఆడవాళ్ళు కువైట్ వెళ్తే బంగారం తెచ్చుకుంటారు, నడుంనొప్పి తెచ్చుకుంటారు. నేను ఈ పిచ్చి తెచ్చుకున్నాను. అక్కడికి ఖద్దామాగా వెళ్ళాను. ఖద్దామా అంటే ఇంటి పనిమనిషి. మా పల్లెల్లో చంటిపిల్లలకి కూడా తెలిసిన అరబ్బీ మాట అది. యజమానురాలిని మామా అని పిలవాలి, అక్కడ ఆ మాటకి అమ్మ అని అర్థం. సెలవురోజున ఆవిడ పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్ళేది, చంటివాడి బండి తొయ్యడానికి నన్నూ తీసుకెళ్ళేది. మొదటిసారి లోపల అడుగుపెట్టి చూద్దును కదా, అద్దాల వెనక అన్నీ కుండలూ గిన్నెలూ. వాటి మీద దీపాలు. వాటిని చూడటానికి జనం చెప్పుల చప్పుడు కాకుండా నడుస్తున్నారు. నా బతుకులో నేను తోమక్కర్లేని గిన్నెలు చూడటం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక చిన్న మట్టికుండ దగ్గర ఆగిపోయాను. మూతి పక్కన బొటనవేలి గుర్తు ఉంది. కుండ ఇంకా పచ్చిగా ఉండగానే ఎవరో తొందరపడి ఎత్తారు. అద్దానికి ఇవతల నా వేలు పెట్టి చూసుకుంటే సరిగ్గా అంతే ఉంది. ఆడదాని వేలే. లోపల ఎసరు మరుగుతుంటే, వెనక పిల్ల ఏడుస్తుంటే ఎత్తి ఉంటుంది. ఆ తొందర నాకు తెలుసు. ఏ కాలం మనిషో, ఏ భాషో, అయినా "ఏమ్మా, పనయిందా?" అని పలకరించాలనిపించింది. చంటివాడు ఎప్పుడు నిద్రపోయాడో చూడలేదు, బండి ఊపుతూనే ఉన్నాను. మామా వచ్చి భుజం తట్టేదాకా నా కళ్ళు కారుతున్నాయని నాకే తెలియలేదు. ఆ తర్వాత ప్రతి సెలవురోజూ వెళ్దామని పిల్లల్ని నేనే ఎగదోసేదాన్ని.

తిరిగొచ్చి ఇంట్లో చెబితే నవ్వారు. "విమానం ఎక్కి కుండలు చూసొచ్చేవా? మనింట్లో లేవా?" అన్నాడు మా ఆయన. ఆడపడుచు గృహప్రవేశానికి హైదరాబాదు వెళ్ళినప్పుడు అందరం కలిసి మ్యూజియంకి బయల్దేరాం. పెళ్ళికి వెళ్తున్నట్టు తయారయ్యాను. తీరా గేటు దగ్గరకొచ్చేసరికి, "సంచులు లోపలికి రానివ్వరంట వదినా, మా బాబు కూడా నిద్రపోయేడు. నువ్వెలాగూ కువైట్‌లో చూసేసేవు కదా," అంది ఆడపడుచు. సరే అన్నాను, అనక ఏం చేస్తాను. నిద్రపోయే పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని సంచుల మధ్య కూర్చున్నాను. వాళ్ళు లోపల సామాన్లు చూశారు, నేను బయట సామాన్లు చూశాను. బయటికొచ్చి, "ఏం లేదొదినా, అన్నీ పాతవే," అంది.

తర్వాత ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికని రాజమండ్రికి ఒక్కదాన్నే వెళ్ళాల్సి వచ్చింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని తిన్నగా గోదావరి గట్టు దగ్గర మ్యూజియంకి పోయాను. రాతి బొమ్మల మధ్య ఎంతసేపు తిరిగానో. కొత్త కళ్ళజోడేమో, శిల్పాల చేతిగోళ్ళు కూడా కనపడుతున్నాయి. రావులపాలెం మీదుగా బస్సులు మారి ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. ఎక్కడికెళ్ళావంటే ఉన్న మాట చెప్పేశాను, సంబరం ఆపుకోలేక.

"ఎవరితో?" అన్నాడు మా ఆయన.

"ఎవరితో ఏంటండీ? ఒక్కదాన్నే."

"ఆడది ఒక్కత్తే మ్యూజియం చూడ్డానికి వెళ్ళిందంటే ఎవరన్నా నమ్ముతారా? కువైట్‌లో నేర్చుకొచ్చేవా ఇయ్యన్నీ?"

కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ రోజుతో పోయేదేమో. అన్నం వడ్డిస్తుంటే అడిగేవాడు, దుప్పటి దులుపుతుంటే అడిగేవాడు, నా ఫోను మోగితే చాలు, "అతనేనా?" అనేవాడు. లేని మనిషిని ఇంట్లో తెచ్చి కూర్చోబెట్టాడు. ఆ మనిషి పోవడానికి, నేను గడప దాటడం మానెయ్యడం తప్ప దారి లేకపోయింది.

మా అత్తగారు సూర్యావతమ్మగారు మాత్రం అనుమానపడలేదు, నవ్వారు. "చచ్చిన కాలేజీకా వెళ్ళేవు?" అన్నారు. ఆవిడ తండ్రి కొబ్బరికాయల వ్యాపారం మీద మద్రాసు వెళ్ళొస్తుండేవాడట. అక్కడ మ్యూజియాన్ని మనవాళ్ళు చచ్చిన కాలేజీ అనేవారట. "అంతా చచ్చినోళ్ళ సామానే కదే, అందుకని," అన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో నా పిచ్చికి ఆ పేరే ఖాయమైపోయింది. టీవీలో పాత గుడి ఏదైనా చూస్తూ నిలబడ్డానంటే, "అదిగో, కాలేజీకి వెళ్ళింది," అనేవాడు మా ఆయన.

ఇన్ని జరిగాక, ఇంట్లో వాళ్ళే మ్యూజియంకి పంపిస్తామంటే నాకెలా ఉంటుంది? ఎవరితో అని అడగరు. చీకటి పడితే నిలదియ్యరు. వచ్చినవాళ్ళకి సామాన్ల గురించి చెప్పే పనే అయి ఉంటుందని నాకు నేనే అనుకున్నాను. నాకు కావలసింది అదే. బోర్డుల మీద రాయని సంగతులు చెప్పాలి. ఎవరు పట్టుకున్నారు, ఏ తొందరలో పట్టుకున్నారు, చెయ్యి ఎక్కడ కాలింది, ఇవన్నీ చెప్పాలి. గిన్నెలు తోముతూ ఒక్కోదాని గురించి ఏం చెప్పాలో పైకే అనుకునేదాన్ని. కాకినాడలో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోను చేసి, హిందీలో రెండు ముక్కలు నేర్పమన్నాను. "అమ్మా, నువ్వు గైడా!" అని అది గంతులేసింది.

చేరిన రోజు సురేంద్రగారే గేటు దాకా ఎదురొచ్చారు. కుర్రాడే, మాట మెత్తన. "రండమ్మా, మిమ్మల్ని చూస్తే సరిగ్గా సరిపోతారనిపిస్తుందండి," అన్నారు. పెంకుటిల్లు ముచ్చటగా కట్టారు. జాడీలు, కవ్వాలు, దీపపు సెమ్మెలు, కొబ్బరికోరాలు, ఒక్కో వస్తువు పక్కన ఒక్కో చిన్న బోర్డు. మధ్య గదిలో కొబ్బరితాడు అడ్డం కట్టారు. తాడుకి అవతల చాప, చాప మీద తిరగలి, తిరగలి ముందు పీట. ఆ తిరగలిని చూసి ఆగిపోయాను. పైరాయి అంచు ఒకచోట చిట్లి ఉంది. మా అత్తగారిది, మా పెరట్లో నిమ్మచెట్టు కింద ఉండేది. బోర్డు చదివాను: తిరగలి. పప్పులు విసరడానికి వాడేవారు. ఇచ్చినవారు శ్రీ శివప్రసాద్. మా ఆయన పేరు అంత అందమైన అక్షరాల్లో నేను ఎప్పుడూ చూడలేదు. వాడేవారు అంటే ఎవరు వాడేవారో మాత్రం బోర్డులో లేదు.

"నేను ఏమేం చెప్పాలండీ వచ్చినవాళ్ళకి?" అన్నాను.

"మీరేం చెప్పక్కర్లేదమ్మా. స్పీకర్లో రికార్డింగు వస్తుందండి. మీరు అలా కూర్చుని విసురుతుంటే చాలు. లైవ్ మ్యూజియమండి ఇది." గళ్ళ నేతచీర ఒకటి నా చేతిలో పెట్టారు. "అసలు పాత ఫోటోల్లో రవికలుండవండి, కానీ మనం ఉంచుదాం. ఆ కళ్ళజోడొక్కటీ తీసెయ్యాలండి, ఆ రోజుల్లో ఉండేవి కావు కదండి." అన్నీ అండీ అండీ అంటూనే చెప్పారు. అంత మర్యాదగా చెప్పినదానికి కాదని ఎలా అనాలో నాకు తెలియలేదు. కళ్ళజోడు తీశాక బోర్డుల మీద అక్షరాలు అలుక్కుపోయాయి. పీట మీద కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక అత్తగారు అడిగారు, "ఏం చూపిస్తన్నారే అక్కడ?"

"నన్నేనండి అత్తయ్యగారూ."

సంగతంతా చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగలేదు. "అయితే అది చచ్చిన కాలేజీ కాదే కోడలా, బతికిన కాలేజీ! మద్రాసులో జూని ఆ పేరుతోనే పిలిచేవారు. పులులూ కోతులూ ఉండేయి. మా నాన్న రెండూ చూసొచ్చి చెప్పేవోడు," అన్నారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వి నవ్వి, తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం.

"ఏ తిరగలే అది?" అన్నారు.

చెప్పాను. ఆవిడ లేచి పెరటి గుమ్మంలోకి వెళ్ళి నిమ్మచెట్టు వైపు చూసి వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో ఈ మధ్య ఆవిడ పెరట్లోకి దిగడం లేదు. కొడుకు రాగానే అడిగితే, "మూలన పడున్న రాయే కదమ్మా, అక్కడైతే నలుగురూ చూస్తారు," అన్నాడు. ఆవిడ సరేనని ఊరుకున్నారు. తర్వాత నేను మంచం మీద దుప్పటి సర్దుతుంటే తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పారు. "వీణ్ణి కన్న రోజు కూడా మినుములు విసిరే లేచేను. నొప్పులొస్తన్నాయత్తా అంటే, ఆ చేటలో ఉన్నయ్యి అవ్వగొట్టి లెగు అంది మా అత్త. ఈ కుడి భుజం ఆ రాయే తినేసింది." మా ఇంట్లో ఇన్నేళ్ళున్నాను, ఆ మాట ఆవిడ నోటి నుంచి వినడం అదే మొదలు.

రోజూ వెళ్ళాను. పెసలు విసిరితే పప్పవుతుంది. జనం వస్తూనే ఉంటారు కాబట్టి చెయ్యి ఆపకూడదు, కాబట్టి ఆ పప్పునే మళ్ళీ విసరాలి. మధ్యాహ్నానికి పిండి అయ్యేది. ఆ పిండి రిసార్టు వంటగదిలో వద్దన్నారు, రాతి నలుసులుంటాయట. సాయంత్రం ఊడ్చి గోదావరిలో పోసేవారు. మర్నాడు మళ్ళీ పెసలు. కువైట్‌లో నేను చేసిన చాకిరీ తక్కువేం కాదు, కానీ ఉతికిన బట్ట ఎవరో కట్టుకునేవారు, వండిన అన్నం ఎవరో తినేవారు. ఇక్కడ నా పని ఎవరికీ అక్కర్లేదు, నేను పని చేస్తున్నట్టు కనపడటమే కావాలి. స్పీకర్లో ఒకమ్మాయి తియ్యటి గొంతుతో చెబుతూనే ఉంటుంది. కోనసీమ ఇల్లాలు తెల్లవారుఝామునే లేచి, పాటలు పాడుకుంటూ, ఆనందంగా తిరగలి విసిరేదట. ఒకావిడ తాడు దాటొచ్చి నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి సెల్ఫీ తీసుకుంది. ఒకాయన నా గాజులు మట్టివా కాదా అని వేలితో కదిపి చూశాడు. జాడీల దగ్గరా, సెమ్మెల దగ్గరా 'ముట్టుకోరాదు' అని రాసి ఉంది. నా దగ్గర ఏమీ రాసి లేదు. చిన్నపిల్లొకతె, "మమ్మీ, ఈ ఆంటీ నిజమా?" అని అడిగింది. వాళ్ళమ్మ నన్ను పరీక్షగా చూసి, "నిజమేలా ఉంది," అంది.

మానేస్తానని మా ఆయనతో అన్నాను.

"కూర్చోవడం కూడా కష్టమేనా ఏంటే? ఇంట్లో చేసే పనే కదా. ఇక్కడ ఎవరూ చూడట్లేదు, అక్కడ చూస్తన్నారు, అంతే తేడా."

"నేను మ్యూజియం చూడాలనుకున్నానండి. నన్ను జనం చూడాలని కాదు."

"అబ్బో, మాటలు నేర్చేవు. నువ్వు మానేస్తే రేపు మన బొండాలు కూడా మాన్పిస్తారు. అప్పుడేం చేద్దాం చెప్పు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే నాకు మేలు చేశాననుకుంటున్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్టేవాడి దగ్గర కనీసం నా బాధేంటో నాకు తెలిసేది. ఇతను నాకు ఇష్టమైన దాన్నే తెచ్చి, అది నాకు అసహ్యం పుట్టేలా చేసి, నా చేత థాంక్స్ చెప్పించుకోవాలని చూస్తున్నాడు. నిజంగానే నాకు కుండలన్నా గిన్నెలన్నా ఒళ్ళు మండటం మొదలైంది. పీట మీద కూర్చుని కువైట్‌లో చూసిన ఆ చిన్న కుండని గుర్తుతెచ్చుకోబోతే, దాని వెనక కూడా ఎవరో ఆడమనిషిని కళ్ళజోడు తీసి కూర్చోబెట్టినట్టే అనిపించేది. నాకంటూ ఉన్న ఒకే ఒక్క ఇష్టం అది. అది కూడా పోతే నేనేం మిగులుతానో తెలియలేదు. భయమేసింది.

ఒక ఆదివారం మా ఆయన అత్తగారిని కారులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడే చూస్తానన్నారట. జనం కిటకిటలాడుతున్నారు. కళ్ళజోడు లేక మొహాలు సరిగ్గా కనపడలేదు కానీ, చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచొచ్చే ఆ నడకని గుర్తుపట్టాను. "ఇది మన తిరగలేనమ్మా, ఇదిగో నా పేరు," అని మా ఆయన బోర్డు చూపించి చదివి వినిపించాడు. స్పీకర్లో అమ్మాయి పాటల సంగతి చెబుతోంది.

"పాటలంటే?" అన్నారు అత్తగారు, ఎవరితోనూ కాదు.

సురేంద్రగారు పరుగున వచ్చారు. "మామ్మగారూ, ఈ రాయి మీదేనంట కదండి! అసలైనవారు మీరండి. కోడలికి ఎదురుగా ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి, అత్తా కోడళ్ళు కలిసి విసురుతుంటే వీళ్ళంతా ఫోటో తీసుకుంటారండి."

"కూర్చోమ్మా, సురేంద్రగారు అడుగుతుంటే," అని మా ఆయన తాడు పైకెత్తి పట్టుకున్నాడు. ఎవరో అప్పుడే ఇంకో పీట తెచ్చి వేశారు. జనం ఫోనులు పైకి లేపారు.

అత్తగారు నా వైపు చూశారు, రాయి వైపు చూశారు. "ఆయ్," అన్నారు. అలవాటైన మాట. ఆ ఇంట్లో ఆవిడ ఎవరికీ ఇంకో మాట చెప్పగా నేను వినలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని వంగబోయారు. మోకాళ్ళు ముడవలేదు. "ఏం కాదమ్మా, నేను పట్టుకుంటాను," అని మా ఆయన ఆవిడ కుడి భుజం మీద చెయ్యివేసి కిందికి అదిమాడు. ఆవిడ మొహం నాకు బాగా దగ్గరగా వచ్చింది, అంత దగ్గర్లో నాకు కళ్ళజోడు అక్కర్లేదు. పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటున్నారు. అంత నొప్పిలోనూ, ఎవరూ చెప్పకుండానే, ఆవిడ చెయ్యి ముందుకి సాగి తిరగలి పిడి కోసం వెతుకుతోంది.

నేను లేచాను. మా ఆయన చేతిని తీసేసి, ఆవిడని చంకల కింద పట్టుకుని నిలబెట్టాను. "ఏంటే, ఏంటిది?" అంటున్నాడు మా ఆయన నెమ్మదిగా, నలుగురూ వింటారని. ఆవిడ నడుం చుట్టూ చెయ్యివేసి తాడు దాటించాను. నేనూ దాటాను. జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఇప్పుడు అటు చాప మీద తిరగలి, రెండు ఖాళీ పీటలు ఉన్నాయి. ఇటు వచ్చిన వాళ్ళందరితో పాటు మేమూ ఉన్నాం. ఇన్నాళ్ళూ మనసులో అనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. అయినా చెప్పడం మొదలుపెట్టాను.

"ఇది తిరగలండి. పప్పులు విసిరేవారు. విసిరేవారంటే వాళ్ళూ వీళ్ళూ కాదండి, ఒకే ఇంట్లో అత్తా కోడలూ. పాటలు పాడలేదండి. ఊపిరాడేది కాదు." ఖాళీ పీటల వైపు చెయ్యి చూపించాను. "వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరండి. పోయేరు."

మా ఆయన నోరు తెరిచి వాళ్ళమ్మ వైపు చూశాడు, ఆవిడ నన్ను తిడుతుందని, ఆ తిట్టుతో అంతా సర్దుకుంటుందని. ముందు నిలబడ్డ ఒకావిడ ఫోను దించేసి, "అయ్యో, పోయారా? ఎప్పుడండీ?" అని అడిగింది.

నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డ మా అత్తగారు ఆవిడ వైపు తిరిగారు.

"ఆయ్," అన్నారు. "చాలా కాలమైందండి."